షెఫీల్డ్ కత్తికి తుప్పెక్కడ పట్టింది?

తుప్పు పట్టని చాకును ప్రపంచానికి అందించిన ఊరు షెఫీల్డ్. ఒకప్పుడు ఆ ఊరి పేరు చెక్కి ఉంటే చాలు, కొనేవాళ్లు ఇంకో మాట అడిగేవాళ్లు కాదు. అక్కడి కంపెనీల పేర్లు ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటికి విలువ తెచ్చిన కార్ఖానాలు మాత్రం దాదాపుగా లేవు. చిన్న కొలిముల్లో పుట్టి, దేశదేశాల మార్కెట్లను గెలిచి, ఒక్కొక్కటిగా మూతపడి, ఒకచోట మాత్రం మళ్లీ తలుపు తెరిచిన ఆ కార్ఖానాల కథలో మన కొలిములకూ ఒక హెచ్చరిక ఉంది.

ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో 1902లో ‘ఎర్నెస్ట్ రైట్’ అనే చిన్న కత్తెరల కార్ఖానా మొదలైంది. దర్జీలు, వంటవాళ్లు, ఇంట్లో కుట్టుపని చేసుకునేవాళ్లు వాడే కత్తెరలను అక్కడ చేత్తో చేసేవాళ్లు. తరాలు మారినా కుటుంబం ఆ పని వదల్లేదు. 2014లో షాన్ బ్లడ్‌వర్త్ అనే ఛాయాగ్రాహకుడు, అక్కడి ముసలి పనివాడు క్లిఫ్ డెంటన్ కత్తెర బిగించే తీరును కొద్ది నిమిషాల సినిమాగా తీశాడు. దాని పేరు ‘ద పుట్టర్’. ఇంటర్నెట్‌లో అది దేశాలు దాటింది. చూసినవాళ్లకల్లా అలాంటి కత్తెర తమ ఇంట్లోనూ ఉండాలనిపించింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి.

ఆ ఊపులోనే కంపెనీ 2016లో ‘కట్‌రైట్’ అనే తన పాత వంటింటి కత్తెరను మళ్లీ తయారుచేస్తామని చెప్పి, జనం దగ్గర ముందస్తుగా డబ్బు తీసుకుంది. అడిగినవాళ్లు ఎందరో. ఆ కత్తెరను సరిగ్గా బిగించగలిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. చెప్పిన గడువుకు సరుకు అందలేదు. 2018లో కార్ఖానా దివాలా తీసి రిసీవర్ల చేతికి వెళ్లింది.

గిరాకీ లేక కొట్టు కట్టేయడం అన్ని ఊళ్లలోనూ చూస్తూనే ఉంటాం. గిరాకీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే పని తెలిసిన చేతులు చాలక కుప్పకూలడం వేరే సంగతి. అది ఒక్క కంపెనీ లెక్కతప్పడం వల్ల వచ్చిన కష్టం కాదు. షెఫీల్డ్‌లో నూరేళ్లకు పైగా జరుగుతూ వచ్చినదానికి కొస అది.

ఐదు నదుల ఊరు

షెఫీల్డ్ కత్తికి ఆరు వందల ఏళ్ల పేరుంది. పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల కవి ఛాసర్ తన ‘కాంటర్‌బరీ కథల్లో’ ఒక మిల్లువాడు మేజోడులో షెఫీల్డ్ చాకు దోపుకుని తిరిగేవాడని రాశాడు. అంటే అప్పటికే ఆ ఊరి పేరు చెబితే పాఠకుడికి వేరే వివరణ అక్కర్లేదన్నమాట.

ఊరి భూగోళమే ఆ పనికి కలిసొచ్చింది. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే ఐదు నదులు కొండల మీంచి వేగంగా దిగుతాయి. వాటి మీద అడుగడుగునా నీటిచక్రాలు కట్టారు. ఆ చక్రాలు సానరాళ్లను తిప్పేవి. ఇనుప ఖనిజం, బొగ్గు, సానరాయికి పనికొచ్చే ఇసుకరాయి చుట్టుపక్కలే దొరికేవి. 1624లో పార్లమెంటు చట్టం ద్వారా, షెఫీల్డ్ ప్రాంతమైన హాలంషైర్‌లో కట్లర్ల సంఘం, అంటే కత్తుల పనివాళ్ల సంఘం ఏర్పడింది. ఎవరి కత్తి మీద ఏ ముద్ర ఉండాలో, ఎవరు ఎన్నేళ్లు శిష్యరికం చేయాలో ఆ సంఘమే చూసుకునేది. సంఘం పెద్దను మాస్టర్ కట్లర్ అంటారు. ఆ పదవి ఇప్పటికీ ఉంది.

1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, తన స్ప్రింగులకు మేలైన ఉక్కు దొరక్క, మట్టి మూసల్లో ఉక్కును కరిగించి శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టాడు. స్థానిక కత్తులవాళ్లు మొదట దాన్ని ముట్టుకోలేదనీ, మరీ గట్టిగా ఉందని వెనక్కి పంపారనీ, ఫ్రాన్స్‌వాళ్లు అదే ఉక్కుతో మంచి చాకులు చేసి పంపడం మొదలుపెట్టాకే కళ్లు తెరిచారనీ షెఫీల్డ్‌లో చెప్పుకుంటారు. 1743లో థామస్ బోల్సోవర్ అనే కత్తుల పనివాడు రాగి రేకుకు వెండి అతికించే విద్య పట్టుకున్నాడు. ‘షెఫీల్డ్ ప్లేట్’ అనే కొత్త వ్యాపారమే దాంతో పుట్టింది. ఈ ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. చేసే పనిలో ఎదురైన ఇబ్బందికి చేతులతోనే జవాబు వెతికినవాళ్లు.

చిన్న మేస్త్రుల రాజ్యం

షెఫీల్డ్ బలం పెద్ద ఫ్యాక్టరీల్లో లేదు. అక్కడ ‘లిటిల్ మెస్టర్స్’ అనే చిన్న మేస్త్రులు ఉండేవాళ్లు. ఒక్క గది అద్దెకు తీసుకుని, ఒకరో ఇద్దరో పనివాళ్లతో, ఒక కుర్ర శిష్యుడితో నడిచే దుకాణాలు వాళ్లవి. ఒక చాకు ఒకే చోట తయారయ్యేది కాదు. కొలిమివాడు ఎర్రగా కాల్చిన ఉక్కును దాగలి మీద సాగగొట్టి రూపం తెచ్చేవాడు. అది సానవాడి దగ్గరికి వెళ్లేది. అక్కడ వాదర తేలాక మూడోవాడు పిడి బిగించి, మెరుగుపెట్టి, మడతచాకు అయితే స్ప్రింగు సరిచేసి పూర్తిచేసేవాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో వీధి, ఒక్కో అద్దె గది. ఊరే ఒక కార్ఖానాగా పనిచేసిందనాలి.

పిడి కోసం ప్రపంచమంతా సరుకు పంపేది. ఆఫ్రికా నుంచి దంతం, సముద్రాల నుంచి ముత్యపుచిప్ప, మన దేశం నుంచి కణుజు కొమ్ము, గేదె కొమ్ము వెళ్లేవి.

ఈ చిన్న దుకాణాల్లోంచే పెద్ద పేర్లు ఎదిగాయి. జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ కథ చూడండి. నక్షత్రం, మాల్టీస్ శిలువ కలిసిన దాని ముద్ర 1682 నాటిది. 1822లో రాజు నాలుగో జార్జి ఆస్థానానికి చాకులు సరఫరా చేసే గౌరవం దక్కింది. ఆ ఏడాదే 1,822 బ్లేడులున్న ఒకే ఒక్క చాకును చేసి, తమ పనివాళ్లు ఎంతటివాళ్లో చూపించింది. 1851 లండన్ మహాప్రదర్శన కోసం 75 బ్లేడుల ‘నార్ఫోక్ నైఫ్’ చేసింది. అది ఇప్పుడు షెఫీల్డ్‌లోని కట్లర్స్ హాల్‌లో ఉంది. ఇక జార్జి వోస్టెన్‌హోమ్ తన చాకుల మీద ‘ఐ.ఎక్స్.ఎల్.’ ముద్ర కొట్టి అమెరికాను పట్టాడు. అట్లాంటిక్ ఎన్నోసార్లు దాటి వెళ్లి తనే ఆర్డర్లు తెచ్చుకునేవాడు. తన కార్ఖానాకు ‘వాషింగ్టన్ వర్క్స్’ అని పేరు పెట్టుకున్నాడంటే ఆ మార్కెట్ ఆయనకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఆ మెరుపు వెనక

ఆ మెరుపుకు పనివాళ్లు చెల్లించిన ధర చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. సానవాడు చెక్క పీట మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, తిరిగే రాయి మీదికి ఒంగి పనిచేసేవాడు. రాతి దుమ్ము, ఉక్కు రజను ఊపిరితిత్తుల్లోకి పోయేవి. ఒక్కోసారి రాయే పగిలి మీద పడేది. నీళ్లు లేకుండా పొడిరాయి మీద పనిచేసేవాళ్ల ఆయుష్షు సగటున 35 ఏళ్లకు మించదనీ, తడిరాయి మీద పనిచేసేవాళ్లు 45 దాటడం అరుదనీ షెఫీల్డ్ వైద్యుడు నైట్ తేల్చాడు. ఫ్రెడరిక్ ఏంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితి మీద రాసిన పుస్తకంలో ఆ లెక్కను లోకం ముందు పెట్టాడు.

చెంచాలకు, ఫోర్కులకు మెరుగుపెట్టే పని ఎక్కువగా ఆడవాళ్లది. వాళ్లను ‘బఫర్ గర్ల్స్’ అనేవాళ్లు. ఇసుక, నూనె కలిసిన మసి ఒంటికి అంటకుండా తలకు గుడ్డ చుట్టుకుని, బట్టల మీద కాగితాలు కట్టుకుని పనిచేసేవాళ్లు. రాజుల విందుల్లో మెరిసిన వెండి చెంచా ముందుగా ఆ నల్లబడ్డ చేతుల్లో మెరిసింది.

తరాల తరబడి ఇంత కష్టం చూసిన తండ్రులు కొడుకుల్ని ఈ పనిలో పెట్టడానికి వెనకాడితే తప్పుపట్టగలమా? షెఫీల్డ్‌లో పెద్ద ఉక్కు ఫ్యాక్టరీలు వచ్చాక కుర్రవాళ్లకు అక్కడ ఇంతకన్నా మంచి జీతాలు దొరికాయి. శిష్యరికపు గొలుసు అక్కడే సడలడం మొదలైంది.

బయటి దెబ్బలు

1890లో అమెరికా మెకిన్లీ చట్టంతో దిగుమతి సుంకాలు పెంచేసింది. షెఫీల్డ్ చాకులకు అతిపెద్ద మార్కెట్ తలుపు సగం మూసుకుంది. మరోవైపు జర్మనీలోని జోలింగెన్ యంత్రాలతో చవగ్గా, నమ్మకంగా చాకులు చేయడం నేర్చింది. కొన్ని జర్మన్ సరుకుల మీద ఏకంగా షెఫీల్డ్ పేరే కొట్టి అమ్మారు. ఈ మోసాన్ని ఆపడానికే బ్రిటన్ 1887లో సరుకు ముద్రల చట్టం తెచ్చింది. విదేశీ సరుకు మీద అది ఎక్కడ తయారైందో చెప్పాలనే నియమం అలా వచ్చింది.

షెఫీల్డ్ మేస్త్రులు యంత్రాల వైపు ఆలస్యంగా నడిచారు. ఒక్కో గదిలో ఒక్కో మేస్త్రి ఉన్న పద్ధతిలో యంత్రానికి పెట్టుబడి పెట్టే స్తోమత ఎవరికీ లేదు. చేతిపనికి పోటీ లేదన్న నమ్మకమూ వాళ్లను ఆపింది. ఏ ఏర్పాటు వాళ్లకు బలం ఇచ్చిందో, అదే ఆ రోజుల్లో వాళ్ల కాళ్లకు బంధమైంది.

అలాంటి వేళ షెఫీల్డ్‌కు ఇంకో అవకాశం వచ్చింది. 1913లో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా చూసే ప్రయోగాలు చేస్తూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఆయన పేద కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే ఉక్కు కార్ఖానాలో పనికి కుదిరి పైకొచ్చినవాడు. దీంతో చాకులు చేయొచ్చని ఆయన చెబితే చాలామంది కొట్టిపారేశారు. కోయని చాకులు కనిపెట్టాడని ఎగతాళి చేశారు. పోర్ట్‌లాండ్ వర్క్స్ అనే భవనంలో ఆర్.ఎఫ్. మోస్లీ కంపెనీలో పనిచేసే ఎర్నెస్ట్ స్టువర్ట్ మాత్రం పట్టు వదల్లేదు. ఆ ఉక్కును ఎంత వేడి చేయాలో, ఎలా సాగగొట్టాలో, ఎలా గట్టిపరచాలో నేర్చుకుని మొదటి స్టెయిన్‌లెస్ చాకులు చేశాడు. ‘స్టెయిన్‌లెస్’ అని పేరు పెట్టిందీ ఆయనే.

ప్రయోగశాలలో పుట్టిన లోహం చాకు కావాలంటే పనివాడి చేయి పడాలి. బ్రియర్లీ, స్టువర్ట్ ఇద్దరూ కలిస్తేనే అది సాధ్యమైంది.

పేరు అమ్ముడుపోయింది

జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ అడాల్ఫ్ వీనర్, కొడుకులతో కలిసి 1901లో షెఫీల్డ్‌లో చిన్న వ్యాపారం పెట్టాడు. తర్వాత ‘వైనర్స్’గా మారిన ఆ సంస్థ కొత్త యంత్రాలకు భయపడలేదు. 1950ల చివర్లో జెరాల్డ్ బెన్నీ అనే పేరున్న వెండిపని కళాకారుడిని డిజైన్లకు పెట్టుకుంది. ఆయన గీసిన స్టెయిన్‌లెస్ చెంచాలు, ఫోర్కులు మధ్యతరగతి ఇళ్ల భోజనాల బల్ల మీదికి చేరాయి. ఒక దశలో ఊళ్లో అతిపెద్ద కట్లరీ కంపెనీ అదే.

ఇంత చేసినా నిలవలేకపోయింది. జపాన్, హాంకాంగ్, దక్షిణ కొరియాల నుంచి చవక సరుకు వరదలా వచ్చిపడింది. షెఫీల్డ్‌లోనే కొందరు విదేశాల నుంచి సగం తయారైన సరుకు తెప్పించి, మెరుగుపెట్టి, ఊరి పేరుతో అమ్ముకున్నారు. సొంత పేరును సొంతవాళ్లే పలచన చేసుకుంటే ఇక బయటివాళ్లను ఏమనగలం? 1980ల మొదట్లో బ్రిటన్‌ను కుదిపేసిన ఆర్థిక మాంద్యం చివరి దెబ్బ కొట్టింది. 1982లో వైనర్స్ మూతపడింది. పేరును వేరేవాళ్లు కొనుక్కున్నారు. ఆ పేరుతో చెంచాలు ఇప్పటికీ అమ్ముతున్నారు.

పాత దిగ్గజాలదీ అదే దారి. 1971లో రాడ్జర్స్, వోస్టెన్‌హోమ్ ఒక్కటయ్యాయి. వాషింగ్టన్ వర్క్స్‌ను ఆ దశాబ్దంలోనే పడగొట్టారు. కలిసిన సంస్థ చేతులు మారి, 1980ల్లో కూలిపోయింది. ఆ పాత ముద్రలను ఎగింటన్ అనే స్థానిక సంస్థ కొనుక్కుంది.

ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. ముద్రకు ధర కట్టగలిగారు, కొనగలిగారు, బదిలీ చేయగలిగారు. 1,822 బ్లేడులను ఒక్క చాకులో ఇమిడ్చిన పనితనాన్ని మాత్రం ఏ దస్తావేజులోనూ రాసుకోలేకపోయారు. అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూస్తేనే వెళ్తుంది. మధ్యలో ఒక్క తరం తప్పుకుంటే చాలు, దారి మూసుకుపోతుంది. షెఫీల్డ్ కత్తికి తుప్పు పట్టింది అక్కడే.

మళ్లీ తెరిచిన తలుపు

అయితే 2018లో ఎర్నెస్ట్ రైట్ కథ ముగిసిపోలేదు. మూతపడ్డ ఆ కార్ఖానాను పాల్ జాకబ్స్, యాన్ బార్ట్ ఫానోయ్ అనే ఇద్దరు డచ్చివాళ్లు కొన్నారు. వాళ్లు పేరును మాత్రమే కొనుక్కుని కత్తెరల్ని ఇంకో దేశంలో చేయించి ఉండొచ్చు. అలా చేయలేదు. క్లిఫ్ డెంటన్, ఎరిక్ స్టోన్స్ అనే ఇద్దరు ముసలి మేస్త్రుల్ని మళ్లీ పనిలోకి పిలిచారు. వాళ్ల పక్కన కుర్రవాళ్లను నిలబెట్టారు. డబ్బు ముందే కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకు కత్తెరలు పంపే బాధ్యతనూ నెత్తికెత్తుకున్నారు.

ఆ ఇద్దరు మేస్త్రుల పని ఏమిటో తెలిస్తేనే ఈ నిర్ణయం విలువ అర్థమవుతుంది. కత్తెర రెక్కలు చదునుగా ఉండవు. రెంటికీ కంటికి ఆనని వంపు ఉంటుంది. మూసేటప్పుడు కోత పడే చోట మాత్రమే అవి ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. మిగతా చోట్ల తాకితే గుడ్డ నలుగుతుంది. వదులైతే జారుతుంది. ఆ వంపును సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టి తెస్తారు. ఒక జతలో రెక్క ఇంకో జతకు సరిపోదు. ఎక్కడ ఎంత కొట్టాలో కొలబద్ద చెప్పదు. చేతికి తెలియాలి. అది తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఇద్దరూ బతికుండగానే, ఇంకా సుత్తి పట్టుకోగలిగి ఉండగానే కొత్తవాళ్లు వచ్చారు కాబట్టి ఆ కార్ఖానా ఈరోజు నడుస్తోంది.

మొదటి స్టెయిన్‌లెస్ చాకులు పుట్టిన పోర్ట్‌లాండ్ వర్క్స్‌దీ ఇలాంటి కథే. దాన్ని నివాస భవనాలుగా మార్చాలన్న ప్రయత్నం జరిగినప్పుడు అక్కడి పనివాళ్లు, ఊరివాళ్లు కలిసి చిన్న చిన్న వాటాలు వేసుకుని 2013లో భవనాన్ని కొనేశారు. చాకులు చేసేవాళ్లు ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నారు. పద్నాలుగేళ్ల వయసులో పనిలో చేరి, మడతచాకుల తయారీలో సాటిలేనివాడనిపించుకున్న స్టాన్ షా 2021లో 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. చివరి దశలో ఆయన దుకాణం ఊరి మ్యూజియంలో ఉండేది. జనం వచ్చి చూసేవాళ్లు. ఆ గౌరవం ఎంతో మంచిదే. కానీ చేతివృత్తికి మ్యూజియం కన్నా ముందు శిష్యుడు కావాలి.

కోనసముద్రం చెప్పే పాఠం

షెఫీల్డ్‌కూ మనకూ నేరుగా సంబంధముంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు వండేవాళ్లు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన తరహా ఉక్కు అది. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి ఆ ఊళ్లో మకాం పెట్టేవాళ్లు. 1820ల ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే సర్వే శాస్త్రవేత్త అక్కడి పద్ధతిని స్వయంగా చూసి రాసిన వివరం ఉంది.

యూరప్‌లో ‘వూట్జ్’ అని పిలిచిన ఈ భారతీయ ఉక్కు నమూనాలు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్ చేరాయి. 1795లో రాయల్ సొసైటీలో దాని మీద పరిశోధనాపత్రం చదివారు. లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ దానితో చాకులు, శస్త్రచికిత్స పనిముట్లు చేశాడు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే ఆ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. వాళ్లు రూపొందించిన మిశ్రమ ఉక్కులను పెద్ద ఎత్తున కరిగించి చూసింది షెఫీల్డ్‌లోని శాండర్సన్ సంస్థే. మిశ్రమ ఉక్కుల మీద శాస్త్రీయ అధ్యయనానికి దారి చూపిన ప్రయోగాల్లో అవి ముఖ్యమైనవి. ఆ దారి తర్వాత స్టెయిన్‌లెస్ దాకా సాగింది.

మరి కోనసముద్రం? పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ పని ఆగిపోయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన చవక ఇనుము, ఉక్కు మన కొలిముల్ని చల్లార్చాయి. తర్వాత శాస్త్రవేత్తలు ఆ ఉక్కును తిరిగి తయారుచేయడానికి దశాబ్దాలు శ్రమించారు. చేసి చూపించేవాళ్లు ఒక్కరు మిగిలి ఉన్నా అంత శ్రమ అవసరమయ్యేది కాదు.

ఇప్పుడు మన ఊళ్లలో కత్తిపీటలు, కొడవళ్లు, గొడ్డళ్లు చేసే కొలిములు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఆ కొలిమి దగ్గర కూర్చున్నాయన వయసు చూడండి. పక్కన కుర్రవాడు ఉన్నాడో లేదో చూడండి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరి పనికీ చోటుంది. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా, శిక్షణ రోజుల్లో భృతి ఇస్తున్నారు. ఇది అవసరమైన సాయమే, కానీ సుత్తి ఇచ్చినంత మాత్రాన చేతికి పని రాదు. పని తెలిసిన పెద్దాయనకు గురువుగా నెలనెలా గౌరవవేతనం ఇవ్వాలి. ఆయన దగ్గర మూడు నాలుగేళ్లు కూర్చునే కుర్రవాడికి బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలి. సానరాయి దగ్గర దుమ్ము పీల్చే యంత్రం, ముక్కుకు మాస్కు తప్పనిసరి చేయాలి. బిడ్డ ఊపిరితిత్తులు పాడవుతాయన్న భయం ఉన్నంతకాలం ఏ తండ్రీ తన పని కొడుక్కి నేర్పడు.

కొనేవాళ్లుగా మన వంతూ ఉంది. ఏడాదికోసారి మొద్దుబారే చవక కత్తిని పారేసి మళ్లీ కొనే బదులు, సాన పట్టించుకుంటూ పదేళ్లు వాడుకునే కత్తికి న్యాయమైన ధర ఇవ్వండి. చేసినవాళ్ల పేరు అడిగి తెలుసుకోండి. మీ ఊళ్లో కొలిమి ఇంకా మండుతుంటే, ఈ ఏడాదే అక్కడ ఒక శిష్యుడు చేరేలా చూడండి.